వెల్కో బీపీ మిషన్ని మేక తినేసిన వసంతం

వెల్కో అన్న ముప్ఫై ఎనిమిదేళ్లు రైల్వే గేటు దగ్గర పనిచేశాడు. మా ఊరి కింద, వాగు పక్కగా, రోజుకు ఆరు చిన్న రైళ్లు పోయే దారి అది. ఆరుసార్లు గేటు వెయ్యడం, ఆరుసార్లు తియ్యడం, అంతే పని. ఆ ముప్ఫై ఎనిమిదేళ్లలో పట్టాల మీద ఒక్క కోడిపిల్ల కూడా చావలేదని ఆయనకు గర్వం. చావలేదు, నిజమే. రైలు రావడానికి అరగంట ముందునుంచే ఆయనకు గాభరా మొదలయ్యేది మరి. రిటైరయ్యాక రైళ్లు పోయాయి గానీ గాభరా పోలేదు. దాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియక ఇంట్లో కంటబడ్డ ప్రతిదాని మీదా దింపేవాడు.

వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒక కంచె, అంతే. ఊళ్లో ఉన్న ఒక్క కొట్టూ నాదే. కొట్టు ముందు రెండు బల్లలు, కాఫీ. అంటే వెల్కో అన్న పొద్దున కంచె అవతల ఏం బెంగ పెట్టుకున్నాడో, పది గంటలకి కొట్టు దగ్గర ఏం బెంగ పెట్టుకున్నాడో రెండూ నాకే తెలిసేవి. పుంజు కూత బొంగురుపోయింది. పొగగొట్టంలో చీలిక కనపడుతోంది. నిన్న గుడ్డు పెంకు పల్చగా ఉంది. కొండమీద మబ్బు రంగు బాగాలేదు. బస్సు షెల్టరుకి అంటించే చావు కాగితాలు ఆయన చదివినంత శ్రద్ధగా ఎవరూ చదవరు. ఫొటో చూస్తాడు, పుట్టిన సంవత్సరం చూస్తాడు, పెదాలు కదుపుతూ లెక్కేస్తాడు.

"అరవై ఎనిమిది, నెదా. నాకంటే ఒక్క ఏడాదే పెద్ద," అనేవాడు నాతో.

"ఆయన చెట్టుమీంచి పడ్డాడన్నా. నువ్వు చెట్టెక్కకు, సరిపోతుంది."

ఆ బీపీ మిషన్ వచ్చిన కథ కూడా అట్లాంటిదే. టౌన్లో డాక్టరమ్మ చూసి, బీపీ కాస్త ఎక్కువుందంది. రోజుకో మాత్ర వేసుకోమంది, ఉప్పు తగ్గించమంది, బాగా నడవమంది, అతిగా ఆలోచించొద్దంది, వారానికోసారి బీపీ చూసుకుని రాసి పెట్టమంది. మాత్ర మానలేదు, అది చెప్పుకోవాలి. మిగతావాటిలో ఆయనకు నచ్చింది చివరిది ఒక్కటే. కూతురు మిలేనా టౌన్లోనే ఉంటుంది. చేతికి పట్టీ చుట్టుకుని మీట నొక్కితే అంకెలు చూపించే మిషన్ ఒకటి కొనిచ్చింది. వారానికోసారి చూసుకోవాల్సింది రోజుకి పదిసార్లు అయింది. లేవగానే ఒకసారి. కాఫీకి ముందు, కాఫీ తరవాత. రుస్కా వదినతో మాటామాటా అనుకునే ముందు ఒకసారి, అనుకున్నాక ఒకసారి. వంటింటి గోడకున్న క్యాలెండరులో తారీఖుల గళ్లు అంకెలతో నిండిపోయాయి. మీమా ఈనిన రోజు కూడా ఆ గడిలో నూట నలభై ఏడు అని ఉంది తప్ప, రెండు పిల్లలు పుట్టాయని లేదు.

మీమా అంటే వాళ్ల మేక. తెల్లది, ఒక చెవి కాస్త చిరిగింది. అది కాక మార్కో అనే గాడిద, షారో అనే కుక్క, పదకొండు కోళ్లు, ఒక పుంజు. వీటిని చూసేది రుస్కా వదినే. ఆయన మాత్రం అరుగుమీద ద్రాక్షపందిరి కింద, పట్టీ చుట్టుకున్న చెయ్యి బల్లమీద చాచి కూర్చునేవాడు. మాట్లాడితే అంకె పెరుగుతుందని మాట్లాడేవాడు కాదు.

కొట్టు దగ్గర మగవాళ్లకి అది ఆట అయింది. ట్రాక్టర్ స్పాస్ దూరం నుంచే అడిగేవాడు, "ఏం వెల్కో, ఇవాళ పైన ఎంత, కింద ఎంత? సంతలో బంగాళాదుంపల ధర కంటే త్వరగా మారుతోందే నీ బీపీ."

"నవ్వు, నవ్వు. నీకొస్తే తెలుస్తుంది," అనేవాడు వెల్కో అన్న.

ఏప్రిల్ చివర్లో ఒక రోజు పొద్దున్నే ఆయన పట్టీ చుట్టుకుంటుండగా షారోకీ పుంజుకీ తగువైంది. కోళ్లన్నీ గోలగోలగా పెరట్లో పడ్డాయి. ఆయన పట్టీ విప్పి బల్లమీద పడేసి, చీపురు పట్టుకుని వాటి వెనక పరుగెత్తాడు. విడదియ్యడానికి ఎంతసేపు పట్టిందో గానీ, తిరిగొచ్చేసరికి మీమా ముందుకాళ్లు రెండూ బల్లమీద పెట్టి నిలబడి ఉంది. రబ్బరు గొట్టం చివర దాని నోట్లోంచి వేలాడుతోంది. ఆయన చూస్తుండగానే అదికూడా లోపలికి పోయింది.

అప్పుడు ఆయన వేసిన కేకకి నేను కాఫీ గిన్నె పొయ్యి మీదే వదిలేసి కంచె దగ్గరికి వెళ్లాను. రుస్కా వదిన కూడా పాల తపేలాతో బయటికొచ్చింది.

"మొత్తం పోయింది. నా మిషన్ని తినేసింది," అన్నాడాయన.

వదిన మేక దవడ పట్టుకుని నోరు తెరిచి చూసింది. "నోట్లో ఏం మిగల్లేదు. ఒసేయ్, కడుపులో ఏం నొప్పి పుడుతుందో ఏమో," అని మేకని నిమిరింది.

"దాని కడుపు సరే. నా బీపీ సంగతి?"

"నీ బీపీకి ఏమైంది? అది నీ ఒంట్లోనే ఉందిగా. మేక కడుపులో ఉన్నది గొట్టం."

మిలేనాకి ఫోన్ చేస్తే, ఆ రకం మిషన్ టౌన్లో అయిపోయిందనీ, తెప్పించడానికి రెండు మూడు వారాలు పడుతుందనీ చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు లేచి పశువుల డాక్టరుకి ఫోన్ చేశాడు. ఆ మాటలు నేను కంచె ఇవతలనుంచి విన్నాను.

"డాక్టరుగారూ, మా మేక బీపీ మిషన్ తినేసింది. గొట్టం మొత్తం, పట్టీలో సగం. డబ్బా మాత్రం వదిలేసింది... లేదండీ, బాగానే ఉంది. నావంకే చూస్తూ నములుతోంది... నాకా? నాకెలా ఉందో ఎలా తెలుస్తుందండీ, మిషన్ అది తినేసిందిగా."

ఆ డాక్టరు నవ్వు ఆపుకుని చెప్పిందేమిటంటే, కడుపు ఉబ్బుతోందేమో చూడండి, మేత తింటోందో లేదో చూడండి, వెనకనుంచి ఏం వస్తోందో చూడండి అని. చూడమంటే వెల్కో అన్న అంత బాగా చూసేవాడు జిల్లా మొత్తంమీద ఉండడు. ముప్ఫై ఎనిమిదేళ్ల అలవాటది. మరుక్షణం నుంచి మీమా ఎటు పోతే ఆయన అటు. అది వాల్‌నట్ చెట్టు కిందికి పోతే చెట్టు కిందికి, వాగు గట్టుకి పోతే గట్టుకి. గంటకోసారి దాని డొక్కమీద చెవి ఆనించి వినేవాడు. పుల్ల ఒకటి చేతబట్టుకుని పెంటికల్ని విడదీసి చూసేవాడు. ఆ మూడు రోజుల్లో ఆయన నడిచినంత అంతకుముందు మూడు నెలల్లో నడవలేదు.

రెండోరోజు మధ్యాహ్నం కంచె దగ్గరికొచ్చి, "నెదా, నీకు తెలుసా, ఇది నమిలేటప్పుడు కాసేపు కుడివైపు, కాసేపు ఎడంవైపు నములుతుంది," అన్నాడు. ఆ మేక వాళ్లింట్లో ఆరేళ్లనుంచీ ఉంది.

మూడోరోజు గొట్టం బయటికొచ్చింది. ముక్కలుగానే అనుకోండి. ఆయన ఆ వార్త కొట్టు దగ్గర చెప్పి అందరికీ తలో గ్లాసు రకియా, అదే మా పళ్లసారా, పోయించాడు. స్పాస్ గ్లాసెత్తి, "గొట్టానికి," అన్నాడు. ఆయన కూడా నవ్వాడు. ఆ రోజు ఎవరూ ఆయన్ని బీపీ ఎంతని అడగలేదు, ఆయనకీ గుర్తు రాలేదు.

మే మొదట్లో సెయింట్ జార్జ్ పండగ అయ్యాక మా ఊళ్లో మేకల్ని కలిపి కొండకి తోలడం మొదలవుతుంది. ఇరవై మూడు ఇళ్లకి కలిపి ఆ ఏడాది నలభై ఒక్క మేకలు. ఇంటికెన్ని మేకలుంటే అన్ని రోజులు ఆ ఇంటివాళ్ల వంతు. వెల్కో అన్నవాళ్ల వంతు ఎప్పుడొచ్చినా వెళ్లేది రుస్కా వదినే. ఈసారి ఆవిడ అడ్డంగా నిలబడింది.

"ఈ మోకాళ్లతో కొండెక్కడం నావల్ల కాదు. నువ్వే వెళ్లు."

"కొండమీద నాకేమైనా అయితే? మిషన్ కూడా లేదు."

"మిషన్ ఉంటే మాత్రం కొండమీద చేసేదేముంది, అంకె చూసుకుని దిగొస్తావా? మాత్ర వేసుకో, రొట్టె పట్టుకెళ్లు. మార్కోని తీసుకెళ్లు, నీకు ఏమైనా అయితే వాడి వీపుమీద దిగొస్తావు."

ఆవిడ మాట ఎప్పుడూ అంతే, కర్రతో గీసినట్టుంటుంది. మర్నాడు పొద్దున్నే ఊరి కుళాయి దగ్గర మేకలన్నీ చేరాయి. ఒక్కో గుమ్మంలోంచి ఒక్కో మేకా, దాని వెనక దాని ఇంటివాళ్లూ. తోతా అవ్వ తన నల్ల మేకని తాడుతో కాకుండా చేత్తోనే కొమ్ము పట్టుకుని తీసుకొచ్చింది. ఎనభై నాలుగేళ్ల మనిషి. ఆవిడకున్నది ఆ ఒక్క మేకే. ఒక్క మేక పాలతో పెరుగు తోడేసి, సగం తను తిని సగం పక్కింటికి పంపుతుంది.

"నాయనా వెల్కో, దీనికి గంట ఉందిగానీ బుద్ధి లేదు. కాస్త చూస్తుండు," అంది అవ్వ.

"చూస్తానవ్వా," అన్నాడు. పాపం, ఆ మాటకే ఆయన ముఖం పాలిపోయింది. నేను రొట్టె, తెల్లజున్ను, రెండు ఉల్లికాడలు సంచిలో పెట్టి మార్కో వీపుకి కట్టాను. గొడుగు, స్వెట్టరు, మందుల డబ్బా, దుప్పటి, ఇంకో స్వెట్టరు ఆయనే కట్టుకున్నాడు. మార్కో ఒకసారి వెనక్కి తిరిగి ఆ మూటవంక చూసి నడక మొదలెట్టాడు.

ఆ తరవాత జరిగింది ఆయన చెప్పగా విన్నదే. చాలాసార్లు చెప్పాడు, ఎప్పుడూ ఒకేలా చెప్పాడు, కాబట్టి నిజమే అయుంటుంది.

మేకలకి దారి తెలుసు. ఆయన తోలడం కాదు, అవే ఆయన్ని తీసుకెళ్లాయి. మధ్యాహ్నానికి పైన గడ్డి మైదానం చేరి, అన్నీ పడుకుని నెమరేయడం మొదలెట్టాయి. ఫోనుకి సిగ్నల్ లేదు. చూసుకోవడానికి మిషన్ లేదు. గేటు లేదు, రైలు లేదు. రొట్టె తిన్నాడు. ఉల్లికాడ ఇంత తియ్యగా ఉంటుందని తెలియదన్నాడు. పొలమారితే ఎవరు చూస్తారనే భయం లేకుండా తిన్నానన్నాడు. వెంటపడి వచ్చిన షారో ఆయన బూటుమీద తల పెట్టుకుని నిద్రపోయాడు. బూటు కదిపితే కుక్క లేస్తుందని ఆయన గంటసేపు కాలు కదపలేదు. గాలి ఒకవైపునుంచి వీస్తే పైన్ చెట్ల వాసన, ఇంకోవైపునుంచి వీస్తే మేకల వాసన. కింద మా ఊరి కప్పులు కనపడుతున్నాయి. తన ఇంటి పొగగొట్టం వెతుక్కున్నాడు. చీలిక కనపళ్లేదు, పొగ మాత్రం చక్కగా నిటారుగా లేస్తోంది.

మూడు గంటల వేళ మబ్బేసింది. ఈసారి దాని రంగు నిజంగానే బాగాలేదు. ఆయన లేచి కేకలు పెట్టేలోపే వడగళ్లు మొదలయ్యాయి, చిక్కుడుగింజలంత. ఏం చెయ్యాలో తోచక గొడుగు విప్పి నిలబడ్డాడు. మేకలు మాత్రం ఒక్క క్షణం ఆలోచించలేదు. అన్నీ ఒక్క ఊపున లేచి, రెండు వందల గజాల అవతల పాత గొర్రెల దొడ్డి ఉంటే అందులోకి దూరాయి. మార్కో కూడా వాటి వెనకే పోయాడు. మందుల డబ్బాతో సహా. ఇక ఈయన కూడా పరుగెత్తాడు.

"నలభై మేకలు, ఒక గాడిద, ఒక కుక్క, నేను. మా వంటింటంత ఉంటుంది ఆ దొడ్డి. అటూ ఇటూ కదలడానికి లేదు. పైన రేకుమీద వడగళ్ల మోత. ఇంత వెచ్చగా నేను ఎప్పుడూ లేను నెదా," అని చెప్పాడు.

వాన తగ్గాక లెక్కపెట్టాడు. నలభై. మళ్లీ లెక్కపెట్టాడు. నలభై. రంగుల వారీగా చూసుకుంటే లేనిది తోతా అవ్వ నల్ల మేక.

అప్పుడు ఆయనకి నిజంగా భయమేసిందట. గుడ్డు పెంకుకీ పుంజు గొంతుకీ పడ్డ భయం వేరు, ఇది వేరు. అవ్వకి ఏం చెప్పాలి? దొడ్డి తలుపుకి అడ్డంగా కర్ర పెట్టి, షారోని కాపలా ఉంచి, తడిగడ్డిలో బయల్దేరాడు. నాలుగడుగులు వెయ్యడం, ఆగి వినడం. రైలు చప్పుడు వినడం వచ్చిన చెవులవి. చాలాసేపటికి లోయవైపునుంచి గంట వినపడింది, మేక నడిచేటప్పుడు మోగేలా కాదు, ఒకేచోట గింజుకుంటున్నట్టు.

గట్టు అంచున నిలబడి చూస్తే, రెండు నిలువుల కింద అడవిగులాబీ పొదలో ఇరుక్కుని ఉంది. మెడగంట పట్టీ కొమ్మకి తగులుకుంది. కింద ఇంకా నాలుగు నిలువుల లోతున వాగు, వానకి ఎర్రగా పొంగి. ఇంట్లో అటకెక్కాలంటే ముందు బీపీ చూసుకునే మనిషి. ఆ వేళ ఆయన చూసుకున్నదల్లా ఒక్కటే, ఏ రాయిమీద కాలు పెడితే జారదూ అని. కూర్చుని, పాక్కుంటూ, చెట్ల వేళ్లు పట్టుకుంటూ దిగాడు. చేతులు ముళ్లకి చీరుకుపోయాయి. జేబులో చాకు తీసి పట్టీ కోశాడు. గంట వాగులో పడిపోయింది. మేక వచ్చి ఆయన ఒళ్లో పడింది. ముందుకాలు ఒకటి బెణికి నేలకి ఆనించలేకపోతోంది. దాన్ని మెడమీద వేసుకుని, నాలుగు కాళ్లూ ఛాతీమీద పట్టుకుని, అలాగే పైకెక్కాడు.

పైకొచ్చి కూలబడ్డాక గుండె దడదడ కొట్టుకుంటోంది. మెడమీద మేక గుండె కూడా అలాగే కొట్టుకుంటోంది. "ఏది నాదో ఏది దానిదో తెలియలేదు. కాసేపటికి రెండూ నెమ్మదించాయి," అన్నాడు.

ఇక్కడ కుళాయి దగ్గర మేము గంటనుంచీ ఎదురుచూస్తున్నాం. వడగళ్లు మా దగ్గరా పడ్డాయి. రుస్కా వదిన ఏప్రాన్ అంచు మడతపెడుతూ విప్పుతూ నిలబడింది. స్పాస్ ట్రాక్టరు తీసుకుని ఎదురెళ్తానంటున్నాడు. అంతలో కొండ మలుపులో గంటలు వినిపించాయి. ముందు మీమా, వెనక మేకలు, ఆఖర్న మార్కో. మార్కో వీపున రెండు స్వెట్టర్లమధ్య తోతా అవ్వ నల్ల మేక రాణీగారిలా కూర్చుని ఉంది. పక్కన వెల్కో అన్న, మోకాళ్లదాకా బురద, బుగ్గమీద ముల్లు గీరిన గీత.

"నలభై ఒకటి. లెక్క చూసుకోండి," అన్నాడు.

మేకలు ఎవరి గుమ్మంలోకి అవి తిరిగిపోయాయి. అవ్వ తన మేక కాలు తడిమి చూసి, ఆయన చీరుకుపోయిన చేతులు తడిమి చూసి, "గంట ఏదిరా?" అంది.

"వాగులో పోయిందవ్వా. కొత్తది కొనిస్తాను."

"వద్దులే. గంట కట్టాకే దీనికి పొగరెక్కింది," అంది అవ్వ.

రుస్కా వదిన ఆయన చేతులు కుళాయి కింద పెట్టి, ఒక్కో వేలూ కడిగింది. చాలాసేపు కడిగింది.

ఆ తరవాతి ఆదివారం మిలేనా కొత్త మిషన్ తీసుకొచ్చింది. నేను ఆ రోజు పొరల మధ్య పుల్లజున్ను పెట్టి కాల్చిన బనిత్సా రొట్టె పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. అందరం బల్లచుట్టూ కూర్చున్నాం. ఆయన పట్టీ చుట్టుకున్నాడు. మాట్లాడకుండా కూర్చున్నాడు. మేమూ మాట్లాడలేదు. మిషన్ బుస్సుమని ఊదింది, ఆగింది. నూట నలభై ఆరు.

"పోయిన నెలా ఇంతేగా నాన్నా," అంది మిలేనా, కాస్త నిరాశగా.

"ఇంతే," అన్నాడాయన. పట్టీ విప్పేసి, బనిత్సా ముక్క ఇంకోటి లాక్కున్నాడు. "డాక్టరమ్మకి చూపిస్తాలే. మాత్ర మార్చాలేమో ఆవిడే చూసుకుంటుంది. రుస్కా, పెరుగుందా?"

డాక్టరమ్మ మాత్ర మార్చింది, అంకె తగ్గింది కూడా. మిషన్ అలమారా పైఅరలో ఉంటుంది, మీమాకి అందనంత ఎత్తున. ఆదివారం పొద్దున ఒకసారి దింపుతారు. ఆయన బెంగలు పూర్తిగా పోయాయని చెప్పను, పోతే ఆయన వెల్కో అన్నే కాదు. మబ్బు చూస్తే ఇప్పటికీ కనుబొమలు ముడిపడతాయి. కాకపోతే ఇప్పుడు కంచె దగ్గరికొచ్చినప్పుడు వేరే వార్తలు కూడా ఉంటాయి. మార్కో కొత్త గడ్డి తిని తుమ్మాడు. తెల్లపెట్ట రెండు పచ్చసొనల గుడ్డు పెట్టింది. తోతా అవ్వ పంపిన పెరుగుమీద మీగడ వేలు మందాన ఉంది. మోకాళ్లు బాగాలేనివాళ్ల వంతులన్నీ తనే తీసుకున్నాడు. వారంలో మూడు రోజులు కొండమీదే.

సెప్టెంబరులో, ఊరంతా మిరపకాయలు కాల్చే వాసన వేస్తుండగా, నా కొట్టులో ఫ్రీజరు కారడం మొదలెట్టింది. కొత్తది కొనాలా, ఇది బాగవుతుందా, లోపలున్న సరుకు ఏంగాను అని రెండు రోజులుగా నిద్రలేదు నాకు. కంచె దగ్గర నిలబడి అదంతా ఆయనకి చెప్పుకున్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. విని, పాల తపేలా కంచె మీదుగా నా చేతికిచ్చాడు.

"రుస్కా చెల్లెలింటికెళ్లింది. మీమాని నువ్వు పితుకు. ఆ తరవాత వెళ్లి ఫ్రీజర్ చూద్దాం."

"అన్నా, నేను ఫ్రీజర్ గురించి చెప్తుంటే..."

"విన్నానమ్మా. అది కారుతూనే ఉంటుందిగా, ఎక్కడికీ పోదు. దీన్ని ఇప్పుడు పితక్కపోతే మాత్రం ఊరుకోదు."

ముక్కాలిపీటమీద కూర్చున్నాను. మీమా ఒకసారి వెనక్కి తిరిగి నా జుట్టు వాసన చూసింది. పొదుగు వెచ్చగా ఉంది. పాలు తపేలాలో సర్రుసర్రుమని పడుతుంటే నేను దేనిగురించి బెంగపడుతున్నానో కాసేపు నిజంగానే మర్చిపోయాను. అయ్యాక ఇద్దరం వెళ్లి ఫ్రీజర్ వెనక చూశాం. తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఒకచోట ఊడింది, అంతే. ఆయన దాన్ని అతికించాడు. అతుకు సరిగ్గా కుదర్లేదు, ఇప్పటికీ కాస్త కారుతోంది. కింద ఒక గిన్నె పెట్టాను. షారో రోజూ వచ్చి ఆ చల్లటి నీళ్లు తాగి, గుమ్మంలో పడుకుని పోతాడు.